షజరాలో లేని అమ్మలు

షజరాలో అమ్మ ఉండదు. పాత ఖాందాన్ల ఇళ్లలో పెట్టె అడుగున మడతలు పెట్టి దాచుకున్న ఆ పొడవాటి కాగితాన్ని ఒకసారి విప్పి చూడండి. ఫలానా ఆయన కొడుకు ఫలానా, ఆయన కొడుకు ఫలానా అంటూ బిన్ మీద బిన్ తగిలించుకుని మదీనా దాకానో, బుఖారా దాకానో, బాగ్దాద్ దాకానో పోతుంది. దారిలో ఒక్క ఆడమనిషి తగలదు. పది తరాల మగవాళ్లు ఒకరి కడుపున ఒకరు పుట్టినట్టే ఉంటుంది వ్యవహారం. తమాషా ఏమిటంటే సయ్యదుల వంశం మొదలయ్యేదే ఒక కూతురితో. ప్రవక్త వంశం బీబీ ఫాతిమా వల్లే నిలిచింది. ఆ ఒక్క కూతురి తర్వాత మరి ఏ కూతురికీ షజరాలో చోటు దొరకలేదు.

మనల్ని తిట్టేవాడి లెక్క కూడా ఇదే. 'బాబర్ కీ ఔలాద్' అని గోడల మీద రాసేవాడు, ఊరేగింపులో అరిచేవాడు తండ్రినే చూస్తాడు తప్ప తల్లిని చూడడు. బాబర్ వచ్చాడు సరే, తెలుగు పల్లెలో పీర్ల చావిడి పక్కన ఉన్న సాయెబుకు బాబర్‌కూ మధ్య ఎంతమంది తల్లులున్నారో వాళ్లెవరో అతనికి అక్కర్లేదు. గొప్ప చెప్పుకునే మన అష్రాఫ్ పెద్దమనిషీ, మన మీద రాయి విసిరే వాడూ ఒకే పుస్తకం చదువుతున్నారు. ఒకడు గర్వంగా చదువుతాడు, ఇంకొకడు కసిగా చదువుతాడు. అంతే తేడా.

ఇలాంటి చోటికి ఇప్పుడొక కొత్త సాక్షి వచ్చింది. అది తల్లి తరఫు సాక్షి. ఈ సాక్షి ఏం చెబుతోంది, ఎంతవరకు చెప్పగలదు, దాని నోట్లో మాటలు కుక్కుతున్నదెవరు అన్నదే ఇక్కడ మాట్లాడుకోవాల్సిన విషయం.

మన కణాల్లో మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయి. తిన్న తిండిని శక్తిగా మార్చేది అవే. వాటికి విడిగా తమదైన కొంచెం డీఎన్‌ఏ ఉంటుంది. గాజు గాజులా గుండ్రంగా, 16,569 అక్షరాలతో, 37 జన్యువులతో. బిడ్డకు ఇది తల్లి అండం నుంచే వస్తుంది. తండ్రి నుంచి రాదు. తల్లి కొడుక్కీ ఇస్తుంది, కూతురికీ ఇస్తుంది. కొడుకు దాన్ని జీవితాంతం మోస్తాడు కానీ తన పిల్లలకు ఇవ్వలేడు, కూతురు ఇస్తుంది. తండ్రి డీఎన్‌ఏతో కలగలిసిపోదు కాబట్టి అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ అమ్మ అని వెనక్కి నడుచుకుంటూ పోవచ్చు. అప్పుడప్పుడు ఏదో ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు ఆమె కూతుళ్లందరిలో గుర్తులా నిలిచిపోతుంది. ఆ గుర్తుల్ని బట్టే శాఖలు కట్టారు. ఆఫ్రికాలో లోతుగా వేళ్లూనిన శాఖల్ని ఎల్ అన్నారు. మన దేశంలో సగానికి పైగా జనంలో కనిపించే శాఖ ఎం. దాని పక్కన ఆర్, యు ఉన్నాయి.

1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 147 మంది నుంచి తీసుకున్న ఈ డీఎన్‌ఏను పోల్చి చూసి, మనుషులందరి తల్లి వరస సుమారు 2 లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో ఉన్న ఒక స్త్రీ దగ్గర కలుస్తుందని చెప్పారు. వాళ్లు ఎక్కువగా పరీక్షించింది కాన్పు తర్వాత పడే మాయను. మంత్రసాని గొయ్యి తీసి పూడ్చిపెట్టే మాయలో మనిషి పుట్టుక చిరునామా దొరికిందన్నమాట. సుల్తానులూ నవాబులూ రాయించుకున్న వంశచరిత్రల్లో దొరకనిది అక్కడ దొరికింది.

ఇక మన సంగతి. 2010లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో భారతీయ ముస్లింల మీద ఒక పరిశోధన అచ్చయింది. అందులో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. దేశంలో వేర్వేరు చోట్ల ఉండే ఆరు ముస్లిం సమూహాలను తీసుకున్నారు. ఉత్తరప్రదేశ్ సున్నీలు, షియాలు, బోహ్రాలు, కేరళ మాపిళ్లలు వాటిలో ఉన్నారు. తల్లి వరస కోసం 472 మందినీ, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ కోసం 431 మందినీ చూశారు. తేలిందేమిటంటే, ఈ ముస్లింలలో ఎక్కువ భాగం జన్యువులు ఇరుగుపొరుగు ముస్లిమేతరుల జన్యువులే. బయటినుంచి వచ్చింది లేకపోలేదు, కానీ కొంచెం. తల్లి వరసలో ఆఫ్రికా శాఖ ఒకటి అక్కడక్కడ తగిలింది. తండ్రి వరసలో పశ్చిమాసియా జాడలు కొన్ని తగిలాయి. ఆ కొంచెం కూడా ప్రధానంగా ఇరాన్, మధ్య ఆసియాల వైపు నుంచి వచ్చిందే. పాలు అరిగించుకునే శక్తికి సంబంధించిన జన్యుభాగం ఒకటుంది. అరబ్బుల్లో దాని తీరు వేరు, ఇరానీల్లో వేరు. దాన్ని 476 మందిలో చూసి, అరేబియా నుంచి చెప్పుకోదగ్గ రక్తం రాలేదని తేల్చారు. మదీనా దాకా నిరాటంకంగా పోయిన షజరాలకు చివరికి పాలగ్లాసు అడ్డం పడింది!

ఈ ఫలితాన్ని చదివిన మనవాళ్లలో చాలామందికి కలిగే మొదటి అనుభూతి సంతోషం. చూశారా, మా అమ్మలు ఈ మట్టి బిడ్డలే, ఇక నోరు మూయండి అనాలనిపిస్తుంది. పుట్టిన చోటే పరాయివాడిగా బతికే మనిషికి ఆ తొందర సహజం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పటినుంచి తెలుగులో ముస్లిం రచయితలు ఈ పరాయితనాన్నే తవ్వి పోస్తున్నారు. ముప్పై ఏళ్లకు పైగా కవిత్వం చేస్తున్న వాదనను ప్రయోగశాల నాలుగు పట్టికల్లో రుజువు చేస్తే చేదుగా ఎందుకుంటుంది? కానీ ఈ సంతోషాన్ని కొంచెం ఆపి చూడాలి.

మొదట ఆ పరిశోధన అసలు చెప్పిందేమిటో సరిగ్గా చదవాలి. మన గురించి రెండు కథలు చలామణిలో ఉన్నాయి. ఒకటి, బయటి మగాళ్లు కత్తులతో వచ్చి ఇక్కడి ఆడవాళ్లను ఎత్తుకుపోయారు, వాళ్లకు పుట్టినవాళ్లే ఈ ముస్లింలు అనేది. రెండోది మన పెద్ద ఖాందాన్లు గొంతు సవరించుకుని చెప్పేది: మా తాతలు అక్కడినుంచి వచ్చారు, ఇక్కడ నికాహ్ చేసుకున్నారు అని. ఈ రెండు కథల్లోనూ తండ్రి బయటివాడు, తల్లి ఇక్కడిది. ఇదే నిజమైతే తల్లి వరస స్థానికంగా, తండ్రి వరస విదేశీగా కనిపించాలి.

అలా కనిపించే చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. కరీబియన్ దీవి పోర్టోరికో చూడండి. స్పెయిన్ వాళ్లు దిగిన కొద్ది దశాబ్దాల్లోనే అక్కడి తాయినో ఆదివాసులు అంతరించిపోయారని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఈ శతాబ్దం మొదట్లో అక్కడి జనంలో తల్లి వరస చూస్తే దాదాపు 61 శాతం మందిలో ఆదివాసీ శాఖలు తేలాయి. పావు వంతుకు పైగా ఆఫ్రికా శాఖలు. తండ్రి వరసలో మాత్రం యూరప్‌దే పైచేయి. అంతరించిపోయారన్న ఆడవాళ్లు తమ కూతుళ్లలో, కూతుళ్ల కూతుళ్లలో ఐదొందల ఏళ్లు బతికే ఉన్నారు. మరి వాళ్ల మగవాళ్లు ఏమయ్యారు? ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే ఆ దీవి చరిత్ర. అందులో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని బలాత్కారాలు అని అడిగితే జన్యువు నోరు విప్పదు. దానికి తెలిసింది కాన్పు ఒక్కటే.

మన దగ్గర ఆ నమూనా కనబడలేదు. పరీక్షించిన సమూహాల్లో తల్లి వరసతో పాటు తండ్రి వరస కూడా ఎక్కువ భాగం ఇక్కడిదే. అంటే ఎత్తుకుపోయిన కథా నిలవదు, మా తాతలు దిగివచ్చిన కథా నిలవదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇక్కడే ఉండి మతం మార్చుకున్నారు. మరి ఆ తల్లీతండ్రీ ఎవరు? అష్రాఫ్ పెద్దలకు మింగుడుపడని ప్రశ్న ఇది. అరేబియాను పక్కన పెడితే మిగిలేది మన ఊళ్లే, మన కులాలే. దూది ఏకినవాళ్లు, నేత నేసినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, గడ్డం గీసినవాళ్లు, అత్తరు అమ్మినవాళ్లు, గారడీ చేసినవాళ్లు. పోయినేడాది జులాహా, ఈ ఏడాది షేక్, ధరలు బాగుంటే వచ్చే ఏడాది సయ్యద్ అని ఉత్తరాదిన ఒక పాత సామెత ఉంది. తెలుగులోనూ తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే సయ్యద్ మియా అనే ఎత్తిపొడుపు ఉంది. సామెతకు ఎప్పుడో తెలిసింది ప్రయోగశాలకు ఇప్పుడు తెలిసింది.

వాళ్లెందుకు మారారన్నది మళ్లీ జన్యువు చెప్పేది కాదు. కులం బరువు మోయలేక అని మనం ఒక్క ముక్కలో చెప్పేస్తుంటాం. అది చాలాచోట్ల నిజం, అన్నిచోట్లా అదే నిజం కాదు. తూర్పు బెంగాల్లో అడవి కొట్టి వరి పండించుకునే క్రమంలో, ఆ సాగును నడిపించిన పీర్ల చుట్టూ ఇస్లాం అల్లుకుందని రిచర్డ్ ఈటన్ 1993లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. ఒక్కో నేలది ఒక్కో కథ. ఆ కథల్ని దర్గాల దగ్గర, పీర్ల పండగలో, ఇంటిపేర్లలో, ఇనాం కాగితాల్లో వెతకాలి. ఆరు సమూహాల మీద చేసిన పరిశోధనను పట్టుకుని ప్రతి తెలుగు సాయెబు పుట్టుక గురించీ తీర్పు చెప్పేయడం శాస్త్రమూ కాదు, చరిత్రా కాదు.

మా నానీ దూదేకుల ఇంటి పిల్ల. నానా షేక్. ఆ పెళ్లి ఎలా జరిగిందన్న మాట వస్తే ఇంట్లో గొంతులు తగ్గేవి. మా పెద్దలు సంబంధం చూసేటప్పుడు మషాతాను మొదట అడిగేది హడ్డీ గురించే. హడ్డీ అచ్ఛీ హై క్యా? ఎముక మంచిదేనా అని. ఎముక సంగతేమో కానీ పరీక్ష చేయిస్తే నా మైటోకాండ్రియాలో పలికేది ఆ దూదేకుల ఇంటి అమ్మమ్మల వరసే. అంతవరకు బాగానే ఉంది. కానీ ఇక్కడే ఇంకో లెక్క చూడాలి. పది తరాలు వెనక్కి వెళ్తే నాకు 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. తల్లి వరస పరీక్ష వాళ్లలో ఒక్కరి గురించే చెబుతుంది. తండ్రి వరస ఇంకొక్కరి గురించి. మిగిలిన 1,022 మంది ఎక్కడ? మా దాదీనే తీసుకోండి. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని కల్మా నేర్పింది ఆమె. ఆమె మైటోకాండ్రియా మా నాన్నకు వచ్చింది, అక్కడే ఆగిపోయింది. నాకు రాలేదు. షజరాలో ఆమె పేరు లేదు, పరీక్షలోనూ ఆమె లేదు. తల్లుల్ని వెలికితీస్తామని వచ్చిన ఈ శాస్త్రం కూడా ఒకే ఒక్క తల్లిని ఉంచి మిగిలిన తల్లులందర్నీ వదిలేస్తుంది. 300 కోట్ల అక్షరాల పుస్తకంలో 16,569 అక్షరాలు చదివి ఇదే నీ వంశం అంటే ఎలా?

అసలు ఆ నానీ నాకిచ్చిందాంట్లో పెద్ద భాగం ఏ కణంలోనూ లేదు. ఆమె ఇంట్లో తెలుగే మాట్లాడేది. నమాజు అరబ్బీలో, తిట్లూ జోలపాటలూ తెలుగులో. మీరు ముస్లిం అయ్యుండి తెలుగులో ఎలా రాస్తారని ఇప్పటికీ అడిగే మహానుభావులున్నారు. అమ్మ భాషలో రాస్తున్నాం అంటే వాళ్లకు అర్థం కాదు, ఎందుకంటే మాకో అమ్మ ఉందన్న ఆలోచనే వాళ్లకు రాదు. దీనికి జవాబు ఎం శాఖలోనో యు శాఖలోనో వెతకాల్సిన పని లేదు.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. మీ అమ్మలు ఇక్కడివాళ్లే అన్న మాటను మన భుజం తట్టి చెప్పేవాళ్లు ఇప్పుడు బయలుదేరారు. 2021 జూలైలో ఘాజియాబాద్‌లో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్, మతంతో నిమిత్తం లేకుండా భారతీయులందరి డీఎన్‌ఏ ఒకటేనన్నారు. వినడానికి చల్లగా ఉంది. అయితే ఆ ఒకటైన డీఎన్‌ఏకు వాళ్లు పెట్టుకున్న పేరేమిటో మనకు తెలియనిది కాదు. నీ రక్తం మాదే, మతమే దారి తప్పింది, కనుక తిరిగి ఇంటికి రా అన్నది ఆ మాటకు కొనసాగింపు. ఘర్ వాపసీకి జన్యువుల నుంచి చలానా తెచ్చుకుంటున్నారు. మతం మార్చుకున్న ఆ నేతగాడూ ఆ దూదేకుల తల్లీ ఆలోచన ఉన్న మనుషులనీ, వాళ్లొక నిర్ణయం తీసుకున్నారనీ ఈ వాదం ఒప్పుకోదు. రక్తం మాత్రమే నిజమట, నిర్ణయం పొరపాటట.

పైగా ఆ శాస్త్రాన్ని చివరిదాకా చదివితే ఆ ఇల్లు కూడా నిలవదు. 2013లో సీసీఎంబీ వాళ్లూ అమెరికా శాస్త్రవేత్తలూ కలిసి చేసిన పరిశోధన ప్రకారం ఈ దేశంలో దాదాపు అందరూ రెండు పెద్ద పాత జనసమూహాల మిశ్రమమే. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా సాగింది. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ఎవరి కులంలో వాళ్లే పెళ్లిళ్లు. 2009 నాటి పరిశోధనలో ఆంధ్రప్రదేశ్ వైశ్యుల జన్యువుల్లో రెండు మూడు వేల ఏళ్లుగా బయటి రక్తం దాదాపు కలవని సంగతి బయటపడింది. అంటే అందరం సంకరమే, ఆపైన అందరం గోడలు కట్టుకున్నవాళ్లమే. డీఎన్‌ఏ ఒకటే అని ఉపన్యాసం చెప్పేవాళ్లు ఆ గోడల గురించి నోరెత్తరు. మనం కూడా పెద్ద మొనగాళ్లమేం కాదు. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడి, సలాం తిప్పాక బయటికొచ్చి సయ్యద్ పిల్లను దూదేకులవాడికి ఇవ్వం అంటాం. ఈ గోడ అరేబియా నుంచి రాలేదు. తల్లి వరసతో పాటే ఇదీ ఇక్కడిదే.

ఈ గోడను గవర్నమెంటు కూడా ఒకసారి గుర్తించాల్సి వచ్చింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్ వంటి పేర్లను పక్కన పెట్టారు. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. తరతరాలుగా అరబ్ అని చెప్పుకోవడంలో ఉన్న లాభం మొదటిసారి నష్టంగా మారింది. ఆ జాబితాలో సిద్దీలు, హబ్షీలు ఉన్నారు.

సిద్దీల దగ్గరకొచ్చేసరికి 'మా అమ్మలు ఇక్కడివాళ్లే' అనే వాదన పూర్తిగా బోర్లా పడుతుంది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం దగ్గర గుర్రపు దళంలో పనిచేసిన ఆఫ్రికా సంతతివాళ్లు ఉండే చోటు. 1948లో హైదరాబాద్ రాజ్యం పోయాక ఆ దళమూ పోయింది, మనుషులు అక్కడే ఉండిపోయారు. పెళ్లి బారాత్‌లో మర్ఫా మోగితే కాలు కదపని హైదరాబాదీ ఉండడు. ఆ మోతలో వాళ్ల చెయ్యి ఉంది. 2011లో సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కూడిన బృందం సిద్దీల మీద చేసిన పరిశోధనలో, తల్లి వరసా తండ్రి వరసా రెండూ వాళ్లను ఆఫ్రికాలోని బంటూ భాషల జనంతో కలిపాయి. ఇక్కడి జనంతో కలయిక గత ఎనిమిది తరాల్లో, అంటే సుమారు 200 ఏళ్ల లోపు జరిగిందని లెక్కకట్టారు. తల్లి జన్యువు ఈ మట్టిదైతేనే ఈ దేశం నీది అంటే, ఏసీ గార్డ్స్ అమ్మల్ని ఎక్కడికి పంపుతారు? బార్కస్‌లోని చావుషులను? మన నిర్దోషిత్వం కోసం మనం తెచ్చుకునే సాక్ష్యం మన పక్కింటివాణ్ణి దోషిని చేస్తున్నప్పుడు ఆ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టకూడదు.

అలాగని ఈ శాస్త్రాన్ని అవతల పారెయ్యమనడం లేదు. ఎవరు, ఎవరిని, ఎందుకు అడుగుతున్నారన్నది చూడాలి. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక నియంతృత్వంలో గర్భిణులను ఎత్తుకెళ్లి, కాన్పయ్యాక చంపేసి, పసిబిడ్డల్ని వేరేవాళ్లకు పంచేశారు. ఆ బిడ్డల అమ్మమ్మలూ నానమ్మలూ 1977లో ఒక సంఘం కట్టారు. కొడుకులు, కూతుళ్లు లేరు, మధ్య తరమే మాయమైంది. మనవల్ని ఎలా గుర్తుపట్టడం? వాళ్లే శాస్త్రవేత్తల తలుపులు తట్టారు. మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త వాళ్లతో పనిచేసింది. అమ్మమ్మలోనూ మనవడిలోనూ ఒకేలా ఉండే మైటోకాండ్రియా డీఎన్‌ఏ అక్కడ బంధుత్వానికి రుజువైంది. వందమందికి పైగా బిడ్డలు తమ అసలు పేర్లు తెలుసుకున్నారు. అక్కడ ప్రశ్న వేసింది అమ్మమ్మలు, జవాబు చెప్పాల్సి వచ్చింది రాజ్యం.

అమెరికాలోని అరిజోనాలో దీనికి తిరగబడిన కథ జరిగింది. 1990 తర్వాత హవాసుపాయి ఆదివాసులు తమలో పెరుగుతున్న మధుమేహం సంగతి తేల్చుకోవడానికి విశ్వవిద్యాలయానికి రక్తమిచ్చారు. ఆ రక్తాన్ని వాళ్లకు చెప్పకుండా వాళ్ల పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారో తేల్చే పరిశోధనకు కూడా వాడుకున్నారు. తాము గ్రాండ్ కాన్యన్‌లోనే పుట్టామన్నది వాళ్ల నమ్మకం, ఆ నేల మీద వాళ్ల హక్కుకు ఆధారం కూడా అదే. దావా వేశారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం నమూనాలను తిరిగి ఇచ్చేసింది.

మన దేశంలో ఇంకా ఎవరూ సూది పట్టుకుని మన గుమ్మం ముందుకు రాలేదు. అస్సాంలో వచ్చింది కాగితంతో. జాతీయ పౌర పట్టికలో చేరాలంటే 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందటి పత్రాల్లో తాతో తండ్రో ఉండాలి, ఆ మనిషికీ నీకూ సంబంధం రుజువు కావాలి. కుటుంబాల వంశవృక్షాలు రాయించి కంప్యూటర్‌లోని వృక్షాలతో సరిచూశారు. మగవాడికి బడి సర్టిఫికెట్టో భూమి పట్టానో తండ్రి పేరు చూపిస్తుంది. బడికి పోకుండా, పద్దెనిమిది నిండకుండా పెళ్లై వేరే ఊరు వెళ్లిన ఆడమనిషికి అన్ని కాగితాల్లోనూ భర్త పేరే. ఆమె ఫలానా తండ్రి కూతురు అని చెప్పే ఆధారం గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చే ధ్రువపత్రం ఒక్కటే. సుమారు 48 లక్షల దరఖాస్తులు దాని మీద ఆధారపడ్డాయి. 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు ఆ పత్రం చెల్లదంది. డిసెంబరులో సుప్రీంకోర్టు, విచారించి సరైనదని తేలితే చెల్లుతుందంది. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19,06,657 మంది పేర్లు లేవు. పుట్టింటి కాగితంలో లేని ఆడవాళ్లు, అత్తింటి కాగితంలో కోడళ్లుగా మాత్రమే ఉన్న ఆడవాళ్లు తాము ఎవరి కూతుళ్లమో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. పక్కన వాళ్ల అన్నదమ్ములు జాబితాలో ఉన్నారు.